టెక్ సందేహాలు: లింక్ ఉంది, డబ్బు రాలేదు

దరఖాస్తుల సీజన్ కాబట్టి ఈ వారం అన్నీ స్కాలర్‌షిప్ ప్రశ్నలే.

ప్రశ్న: మా తమ్ముడికి ఎన్‌ఎంఎంఎస్ (పేద విద్యార్థులకు కేంద్రం ఇచ్చే మెరిట్ స్కాలర్‌షిప్) వచ్చింది. కేంద్రం స్కాలర్‌షిప్ పోర్టల్ ఎన్‌ఎస్‌పీలో అప్లికేషన్ ఓకే అయింది. అకౌంట్‌కు ఆధార్ లింక్ ఉందని బ్యాంకులో చెప్తున్నారు, డబ్బు మాత్రం పడలేదు. (జమ్మికుంట)

బ్యాంకు వాళ్లు చెప్పింది అబద్ధం కాకపోవచ్చు. కాకపోతే వాళ్లు చూసింది కేవైసీ లింక్, అంటే ఖాతాదారు గుర్తింపు కోసం చేసేది. ఏడాదికి వచ్చే ఆ 12,000 రూపాయలు ఆధార్ నంబరు మీద వస్తాయి. ఏ ఆధార్‌కు ఏ బ్యాంకో బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ ఎన్‌పీసీఐ దగ్గర ఒక పట్టిక ఉంటుంది. అందులో ఎక్కించడాన్నే సీడింగ్ అంటారు. కేవైసీ పూర్తయినంత మాత్రాన అది జరగదు.

మైఆధార్ వెబ్‌సైట్‌లో ఓటీపీతో లాగిన్ అయి 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' నొక్కండి. బ్యాంకు పేరు, యాక్టివా ఇనాక్టివా, తేదీ కనిపిస్తాయి. ఒక ఆధార్‌కు ఒకే బ్యాంకు ఉంటుంది, చివరిగా సీడ్ చేసిందే చెల్లుతుంది. మధ్యలో ఇంకో బ్యాంకులో ఖాతా తెరిచి అక్కడ సీడింగ్‌కు సంతకం పెట్టి ఉంటే డబ్బు అటు పోయి ఉండొచ్చు, ఆ పాస్‌బుక్కూ చూడండి. ఇనాక్టివ్ అని వస్తే బ్రాంచికి వెళ్లి, 'ఆధార్ లింక్ చేయండి' అనకుండా 'డీబీటీ కోసం ఎన్‌పీసీఐ సీడింగ్ చేయండి' అని అడిగి కన్సెంట్ ఫారం ఇవ్వండి. డీబీటీ అంటే ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడడం. అమ్మతో కలిసి తెరిచిన జాయింట్ ఖాతా అయితే సీడ్ అయింది ఎవరి ఆధారో ముందు తేల్చుకోండి. అమ్మ ఆధార్ ఉంటే పిల్లవాడి డబ్బు అందులోకి రాదు.

ప్రశ్న: ఎన్‌ఎస్‌పీలో ఓటీఆర్ (ఒక్కసారి చేసుకునే రిజిస్ట్రేషన్) కోసం ఇంటర్ చదివే మా పాప ముఖం స్కాన్ చేస్తే ప్రతిసారీ ఫెయిల్. ఫోన్ మార్చినా అంతే. (నర్సంపేట)

ఫోన్ మార్చినా రాలేదంటే అనుమానించాల్సింది ఆధార్‌నే. చిన్నప్పటి ఫొటోతో ఇంటర్ అమ్మాయి ముఖం ఎలా కలుస్తుంది? 5 ఏళ్లు నిండాక ఒకసారి, 15 నిండాక మరోసారి బయోమెట్రిక్ అప్‌డేట్ తప్పనిసరి. రెండోది ఇళ్లల్లో మరిచిపోతారు. 17 లోపు చేయిస్తే రుసుము లేదు. కొత్త ఫొటో ఆధార్‌లోకి ఎక్కాకే మళ్లీ ప్రయత్నించండి.

ఫోన్ సంగతులు కొన్ని. ఎన్‌ఎస్‌పీ ఓటీఆర్ యాప్‌తోపాటు, ముఖాన్ని ఆధార్‌తో పోల్చే ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ కూడా ఉండాలి. ఈ రెండోదానికి ఐకాన్ కనిపించదు, ఇన్‌స్టాల్ కాలేదనుకుని పదేపదే తీసేయకండి. డెవలపర్ ఆప్షన్స్ ఆన్‌లో ఉంటే ఆపేయండి. కళ్లద్దాలు తీసి, వెలుతురు ముఖం మీద పడేలా నిలబెట్టి, అడిగినప్పుడు కళ్లార్పమనండి.

ప్రశ్న: పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే. ఈ-పాస్‌కు (రాష్ట్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్) ఏది మార్పించాలి? (పరకాల)

ఆధార్. మెమోలో మార్పు బడి నుంచి బోర్డు దాకా నడిచే వ్యవహారం. ఫొటో ఉన్న మెమోనే ఆధార్ సెంటర్‌లో రుజువుగా పెట్టొచ్చు. పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే కాబట్టి ఆపరేటర్ టైప్ చేశాక స్క్రీన్ మీది ప్రతి అక్షరం మెమోతో సరిచూసి, ఆ తర్వాతే సరేననండి. బ్యాంకు ఖాతాలోనూ అదే పేరు ఉండాలి. ఇవి కుదిరాకే ఈ-పాస్ ఫారం తెరవండి.

ప్రశ్న: ఇంటర్‌లో మంచి మార్కులొచ్చాయి. డిగ్రీలో ఫీజు రీయింబర్స్‌మెంట్‌తోపాటు కేంద్రం స్కాలర్‌షిప్‌కూ పెట్టుకోవచ్చా? (హనుమకొండ)

మీరడిగేది సెంట్రల్ సెక్టార్ స్కీమ్ (ఇంటర్ మార్కుల మీద డిగ్రీకి కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్) అయితే రెండూ కుదరవు. రాష్ట్రం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ పొందుతున్నవాళ్లు దానికి అనర్హులు. బోర్డులో 80 పర్సంటైల్ పైన (అంటే పాసైనవాళ్లలో పై 20 శాతంలో) ఉండి, కుటుంబ ఆదాయం ఏటా 4.5 లక్షలు దాటకపోతే డిగ్రీ మొదటి మూడేళ్లు ఏడాదికి 12,000 ఇస్తారు. మీ కాలేజీ ఫీజు అంతకంటే ఎక్కువైతే రీయింబర్స్‌మెంటే లాభం. ఆదాయం ఈ-పాస్ పరిమితి దాటి 4.5 లక్షల లోపున్న ఇళ్లకు మాత్రం సెంట్రల్ సెక్టార్ పనికొస్తుంది. ఎన్‌ఎస్‌పీలో ఫైనల్ సబ్మిట్ నొక్కాక కాలేజీలో స్కాలర్‌షిప్‌లు చూసే నోడల్ ఆఫీసర్ లాగిన్‌లో వెరిఫై కావాలి. గడువులోగా ఆయన్ను కలిసి అప్లికేషన్ ఐడీ చూపించి ఆ పని చేయించుకోండి.