వెజిటేరియన్ అంటే గుడ్డు కూడా వస్తుంది

శ్రీకాకుళం, విజయనగరం నుంచి అమెరికాకి చదువుకొచ్చే పిల్లలు తరచూ అడుగుతారు: "హోటల్లో వెజిటేరియన్ అంటే సరిపోదా అన్నా?"

సరిపోదు. మనవైపు "ఈరోజు నీసు లేదు" అంటే గుడ్డు కూడా లేదనే లెక్క. కార్తీకమాసంలో ఆమ్లెట్ వెయ్యనా అని ఏ అమ్మా అడగదు. ఇక్కడ మాత్రం వెజిటేరియన్లలో చాలామంది గుడ్డు, చీజ్ నిక్షేపంగా తింటారు. చేప తింటూ వెజిటేరియన్ అని చెప్పుకునేవాళ్లూ తగులుతారు. అందుకే పేరు చెప్పి ఊరుకోకుండా విడమర్చి చెప్పండి: "నో మీట్, నో చికెన్, నో ఫిష్, నో ఎగ్స్. మిల్క్ ఈజ్ ఓకే." మొహమాటం అక్కర్లేదు, వాళ్లేమీ అనుకోరు.

మన దేశంలో పచ్చచుక్క చూసి ప్యాకెట్ కొనేస్తాం. గుడ్డు కలిసిన సరుకుకి ఆ చుక్క పడదు. అమెరికాలో అలాంటి తప్పనిసరి గుర్తు లేదు, వెనక్కి తిప్పి సన్నక్షరాలు చదవాల్సిందే. జెలటిన్ అని ఉంటే అది పశువుల, పందుల చర్మం, ఎముకల నుంచి తీసింది. మార్ష్‌మాలోల్లో సరే, కొన్ని పెరుగు డబ్బాల్లోనూ ఉంటుంది. లార్డ్ అంటే పంది కొవ్వు. మెక్సికన్ హోటల్లో ముద్దగా మెదిపిన బీన్స్‌లో వేస్తుంటారు. కూరగాయల సూప్ అన్నదాన్ని చికెన్ బ్రోత్‌తో, అంటే కోడి ఉడికించిన నీళ్లతో కాచి ఉండొచ్చు. ఇటలీ నుంచి వచ్చే అసలైన పార్మెసాన్ చీజ్‌కి పాలు విరవడానికి దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ వాడతారు. దీన్ని పట్టించుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం, నేనైతే ఏనాడో వదిలేశాను.

"వీగన్ అనేస్తే గొడవ వదిలిపోతుంది కదా" అంటారు కొందరు. వదిలిపోతుంది, దాంతోపాటు పెరుగు, నెయ్యి కూడా వదిలిపోతాయి.

అమ్మానాన్నలకి విమానం టికెట్ తీసేటప్పుడు ఇంకా జాగ్రత్త. పేరు బాగుంది కదా అని "హిందూ మీల్" నొక్కకండి. అందులో బీఫ్ ఉండదంతే, చికెనో మటనో రావచ్చు. మనకి కావలసింది ఏషియన్ వెజిటేరియన్, కోడ్ ఏవీఎంఎల్. వీఎల్‌ఎంఎల్ అయితే గుడ్డు ఉండొచ్చు. చాలా ఎయిర్‌లైన్లు కనీసం 24 గంటల ముందు చెప్పమంటాయి. ఎందుకైనా మంచిది, చేతిసంచిలో పులిహోర పొట్లం పెట్టించండి. దిగేలోపే తినేయమనండి, మిగిలితే కస్టమ్స్ వాళ్లకి చెప్పాలి.