జట్టు మారినప్పుడల్లా ఇల్లూ మారాలా?

ప్రశ్న: మాది విజయవాడ. డాలస్‌లో ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. మా ఆయన అమెరికన్, అక్కడి ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించే ఆటగాడికి బదులుగా సిద్ధంగా ఉండేవారు). పెళ్లయిన ఆరేళ్లలో ఐదు జట్లు మారారు. ప్రతిసారీ ఉద్యోగం వదిలేసి ఆయన వెంట వెళ్లాను. ఇప్పుడు పాప స్కూల్లో చేరింది. ఈసారి రానంటే ‘క్వార్టర్‌బ్యాక్ ఫిట్జ్‌పాట్రిక్ తొమ్మిది జట్లు మారుతూ 17 సీజన్లు ఆడలేదా? ఇంకొక్క ఏడాది ఓపిక పట్టు’ అంటున్నారు. అమ్మేమో ‘ఆ ఆట మానిపించు’ అంటోంది. ఏం చేయాలో తోచడం లేదు.

జవాబు: మీరు రానన్నది కొత్త ఊరికే కానీ, ఆయన జీవితంలోకి కాదు కదమ్మా. ముందు ఆ మాట ఆయనకు స్పష్టంగా చెప్పండి. కొత్త జట్టులో చేరిన రోజే ఆయనకు లాకర్ రూమ్, పలకరించే తోటివాళ్లు దొరుకుతారు. మీకు దొరికేది విప్పని అట్టపెట్టెలు, ముక్కూ మొహం తెలియని ఊరు. ఈ తేడా ఆయనకు తట్టి ఉండకపోవచ్చు.

ర్యాన్ ఫిట్జ్‌పాట్రిక్ తొమ్మిది జట్లకు ఆడిన మాట నిజమే. జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2005లో 250వ ఆటగాడిగా వచ్చి అంతకాలం నిలబడ్డారు. కానీ ఆయన చాలా జట్లలో ప్రధాన క్వార్టర్‌బ్యాక్‌గా ఆడారు, జీతమూ ఆ స్థాయిలోనే ఉండేది. ఆయన్ని చూసి మీ ఇంటి లెక్కలు వేసుకోకండి. మీవారి లాంటి వాళ్ల పరిస్థితి వేరు. ఏటా ఆగస్టు చివర్లో ఒక్కో జట్టు 90 మందిని 53కి తగ్గిస్తుంది. పొద్దున్నే ‘జట్టు ఇచ్చిన ట్యాబ్ (చిన్న కంప్యూటర్) తీసుకుని ఆఫీసుకు రా’ అని కబురొస్తే, మధ్యాహ్నానికి లాకర్ ఖాళీ చేయాల్సిందే. ఆ 53 మందిలో లేకుండా సాధనకు మాత్రమే ఉంచుకునే ప్రాక్టీస్ స్క్వాడ్‌లో ఉంటే జీతం ఏ వారానికా వారమే. ఇలాంటి ఉద్యోగానికి పాప స్కూలును ముడిపెట్టడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను.

కాబట్టి మీరూ పాపా డాలస్‌లోనే ఉండండి. ఆయన ఒక సూట్‌కేసుతో వెళ్లి, చిన్న అద్దె గది తీసుకుంటారు. సీజన్‌లో ఆటగాళ్లకు మామూలుగా మంగళవారం సెలవుంటుంది. ఆ సాయంత్రం పాప హోంవర్క్ వీడియో కాల్‌లో ఆయనే చేయించాలి. మ్యాచ్ లేని వారం ఇంటికి రావాలి. ఇవి ముందే మాట్లాడుకోండి.

‘ఇంకొక్క ఏడాది’ అన్న మాటను మాత్రం అలా వదిలేయకండి. ఎన్‌ఎఫ్‌ఎల్ పెన్షన్‌కు మూడు క్రెడిటెడ్ (లెక్కలోకి వచ్చే) సీజన్లు కావాలి. 53 మంది జట్టులో ఉండి కనీసం మూడు మ్యాచ్‌ల జీతం తీసుకుంటే ఒక సీజన్ లెక్కలో పడుతుంది. ఆ మూడూ పూర్తయితే ఆట మానేశాక కొన్నేళ్లు ఆరోగ్య బీమా కూడా ఉంటుంది. ఆయనవి ఎన్నయ్యాయో ఆటగాళ్ల సంఘాన్ని అడిగితే చెబుతారు. రెండే అయ్యుంటే ఈ ఏడాది ఆడటానికి మంచి కారణముంది. మూడూ దాటితే, ఎప్పటివరకు ఆడతారో, తర్వాత కోచింగా, చదువా అన్నది ఇద్దరూ కలిసి రాసి పెట్టుకోండి. ఈ మాటలన్నీ జులై చివర్లో జట్టు శిక్షణ క్యాంప్ మొదలవక ముందే కావాలి. జట్టు తీసేసిన రోజున మాత్రం వద్దే వద్దు, ఆ రోజు ఆయన ఏ మాటా వినే స్థితిలో ఉండరు.

అమ్మగారి భయం కూతురి మీద ప్రేమే. అయినా చిన్నప్పటి నుంచి ఆడుతున్న ఆటను ఒకరు మానిపిస్తే ఆ బాధ ఏళ్ల తరబడి మీ మధ్యే ఉండిపోతుంది. ఆట మానడం ఆయన నిర్ణయంగానే ఉండనివ్వండి. డాలస్‌లో ఉండటం మాత్రం మీ నిర్ణయం, దానికి ఎవరి అనుమతీ అడగక్కర్లేదు.