కల్పిత లోకానికి యాస కావాలంటే ముందు సంత పెట్టండి

మీ ఫాంటసీ నవలలో నదికి ఇటో రాజ్యం, అటో రాజ్యం, కొండ మీద ఇంకో జాతి ఉన్నాయని, అందరూ ఒకేలా మాట్లాడుతున్నారని, కొండవాళ్ల మాటల చివర ఏదో ఒక అక్షరం తగిలిస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండీ. నేనూ అలాగే మొదలుపెట్టి దెబ్బతిన్నాను, అందుకే ఇంత రాస్తున్నాను.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పక్కనే పాతపట్నం, అది శ్రీకాకుళం జిల్లా. నా మొదటి కథలో మా వైపు యాస పెట్టాలని కూర్చుని 'చ' కనిపించిన చోటల్లా 'స' చేశాను. సెప్పు, సూడు, సేను, అంతవరకు బాగానే ఉంది. అదే ఊపులో 'వచ్చినాడు' కూడా 'వస్సినాడు' అయిపోయింది. పాతపట్నంలో ఉండే మా అప్ప (మా దగ్గర అక్కను అప్ప అంటాం) చదివి, "ఇదేటిరా, వస్సినాడేటి? ఎవులంటారు ఇలగ? మమ్మల్ని ఎక్కిరించినట్టుంది" అంది. ఆ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు. మాట మొదట్లో ఉన్న 'చ' మా నోట్లో 'స' అవుతుంది గానీ మధ్యలో ఒత్తు పడ్డ 'చ్చ' అలాగే ఉంటుంది. పుట్టినప్పటినుంచి వింటున్న నేనే ఆ సంగతి గమనించలేదు.

కాబట్టి మీ కొండవాళ్లకు రెండో మూడో నియమాలు పెట్టుకోండి, అవి ఎక్కడ పనిచేస్తాయో ఎక్కడ ఆగిపోతాయో కూడా ముందే తేల్చుకోండి, ఆ తర్వాత మనుషుల పేర్లను, దేవుళ్ల పేర్లను కూడా వదలకండి. ఒడియాలో చాలా మాటల్లో మన 'వ' కాస్తా 'బ' అవుతుంది, 'అ' పలికే చోట 'ఒ' వినిపిస్తుంది. ఇంట్లో వెంకట అయిన నేను బడిలో బెంకొటొ. ఒకే పిల్లాడికి గడప దాటగానే ఇంకో పేరు, ఇది మీ నవలలో ఎంత పనికొస్తుందో చూడండి.

అసలు విషయం ఇంకోటి ఉంది. సరిహద్దు గీత దగ్గర యాస ఠక్కున మారిపోదు. ఒడిశా 1936 ఏప్రిల్ 1న ఏర్పడి మా ఊరు అటు వెళ్లింది, జనం మాట ఎక్కడికీ వెళ్లలేదు. నౌపడలో రైలెక్కి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా గుణుపూర్ దాకా కూర్చోండి, పెట్టెలో మాట కొంచెం కొంచెంగా రంగు మారుతుంది, ఎక్కడ మారిందో వేలు పెట్టి చూపించలేరు. అందుకే యాసల గురించి ఆలోచించే ముందు మీ లోకంలో దారులు ఎటు పోతున్నాయో, సంత ఎక్కడ జరుగుతుందో, ఉప్పు ఎవరు అమ్ముతారో, పిల్లనిచ్చి పుచ్చుకునేది ఎవరితోనో రాసుకోండి. మాటలు ఆ దారుల్లోనే నడుస్తాయి.

సంతలో ఇంకొకటి కనిపిస్తుంది. మా వైపు తెలుగు, ఒడియా, సవర మూడూ పక్కపక్కనే ఉన్నా మూడూ మూడు వేరు భాషా కుటుంబాలవి, సవరేమో ముండా అనే భాషల గుంపుకు చెందింది. కొండ దిగి వచ్చిన సవర మనిషి చింతపండు అమ్మడానికి తెలుగో ఒడియానో మాట్లాడతాడు. కొనే షావుకారుకి సవర రెండు ముక్కలు వస్తే ఎక్కువ. ఎవరు ఎవరి భాష నేర్చుకోవాల్సి వస్తోందో చూస్తే ఎవరిది పైచేయో తెలిసిపోతుంది, మీరు ఒక్క వాక్యం విడిగా వివరించక్కర్లేదు. దీనికి ఎదురు నడిచినవాళ్లూ ఉంటారు. గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊళ్లోనే మాస్టారుగా ఉంటూ సవరల దగ్గర వాళ్ల భాష నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. వాడుక తెలుగు కోసం అంత పోరాడిన మనిషి ఆయనే అని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. అలాంటి పాత్ర ఒక్కటి మీ నవలలో ఉంటే కథ ఎటు తిరుగుతుందో!

ఇక ఒకే మనిషి రోజంతా ఒకే యాస మాట్లాడడు. మా అమ్మ బట్టల కొట్లో బేరం ఒడియాలో ఆడుతుంది, డబ్బులు మాత్రం పెదాల మీద తెలుగులో లెక్కపెట్టుకుంటుంది, పక్కనున్న నాతో "ఎక్కువ సెప్తన్నాడు, పద" అంటుంది. ఒడియాలో ఎదుటి మనిషిని పిలవడానికి తు, తుమె, ఆపణ అని మూడు మెట్లు ఉన్నాయి. మనకు నువ్వు, మీరు రెండే కదా, అందుకే అమ్మ పెద్దవాళ్లతో 'తుమె' అని మొదలుపెట్టి మధ్యలో గుర్తొచ్చి 'ఆపణ'కు మారుతుంది. పరాయి భాష మాట్లాడే పాత్రకు ఉచ్చారణ తప్పులు పెట్టేకన్నా ఇలాంటి తడబాటు పెట్టండి, నమ్మబుద్ధేస్తుంది.

కోపం, ఏడుపు, లెక్క, పశువుల్ని అదిలించడం, ఇవి చివరిదాకా ఇంటి భాషలోనే మిగులుతాయి. మా తాత కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని 'ఒకటి' అనేవాడు కాదు. "లాభం... రెండు... మూడు..." అనేవాడు, మిగతా రోజుల్లో గట్టిగా మాట్లాడే మనిషి ఆ ఒక్క మాట దగ్గర గొంతు తగ్గించేవాడు. ఒక జాతి భయం, ఆశ రెండూ ఆ మాటలో ఉన్నాయి. మీ కొండవాళ్లు మొదటి అంకెను ఏమంటారు?

రాత విషయానికొస్తే, పలికినట్టే అంతా రాస్తే పాఠకుడు రెండో పేజీలో అలసిపోతాడు. నేను ఇప్పుడు క్రియ చివర, ఒకటి రెండు చిన్న మాటల్లో మాత్రమే యాస ఉంచుతున్నాను. "ఎల్లిపోనాడు", "ఏటి", "బేగి", అంతే. మిగతాది వాక్యం నడక చూసుకుంటుంది. రాసిన ప్రతి సంభాషణనూ అప్పకు ఫోన్ చేసి పైకి చదివి వినిపిస్తాను. ఆమె "ఊఁ" అంటే ఉంచుతాను, ఆగితే కొట్టేస్తాను. మీది కల్పిత భాష, అడగడానికి అలాంటి అప్ప ఉండదు, కాబట్టి నియమాలన్నీ ఒక నోట్‌బుక్కులో రాసి పక్కన పెట్టుకోండి. మీ సంత అధ్యాయం పూర్తయితే ఇక్కడే పెట్టండి, తప్పకుండా చదువుతాను.