పెళ్లి వీడియోల సర్వర్: ఫైల్ సిస్టమ్ కంటే ముందు తేలాల్సిన లెక్క

మీరు అడిగింది ఇది: మహబూబ్‌నగర్‌లో స్టూడియో, ఉబుంటు 24.04 సర్వర్, 12 టీబీ డిస్కులు ఎనిమిది, ఏడాదికి 20 టీబీ దాకా పెళ్లి ఫుటేజీ. డిస్కు మీద ఫైళ్లను సర్దే ఫైల్ సిస్టమ్‌లు ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్, జెడ్‌ఎఫ్‌ఎస్‌లలో ఏది మేలు, ఒక డిస్కు పోయినా డేటా నిలిచే రెయిడ్ 5 సరిపోతదా అని.

నేను నల్లగొండలో ఒక ఆల్బమ్ ల్యాబ్‌కు, మరో రెండు స్టూడియోలకు సర్వర్లు చూసుకుంటా. నా జవాబు జెడ్‌ఎఫ్‌ఎస్, అందులో రెండు డిస్కులు పోయినా డేటా నిలిచే రెయిడ్‌జెడ్2. అయితే ముందు ఈ లెక్క చూడండి.

ఎనిమిది డిస్కుల్లో రెండు పారిటీకి (పోయిన డేటాను తిరిగి కట్టుకునే లెక్కకు) పోతే మిగిలేది 72 టీబీ. డిస్కు అమ్మేవాళ్లు వెయ్యితో లెక్కేస్తరు, లైనక్స్ 1024తో చూపిస్తది. అట్ల మీకు కనిపించేది 65. జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్ (డిస్కులన్నీ కలిపిన నిల్వ) 80 శాతం దాటకుండా చూసుకోవాలె, దాటితే రాయడం నెమ్మదిస్తది. అంటే నిజంగా వాడుకునేది 52. మీ ఏటా 20 టీబీ అదే లెక్కలో 18. మూడేళ్లు నిండకముందే డబ్బా నిండుతది. ఏ ఫైల్ సిస్టమ్ పెట్టినా ఇందులో పెద్ద తేడా రాదు.

కాబట్టి ఏది ఎన్నాళ్లు ఉంచాలో ఇప్పుడే రాసుకోండి. 100 ఎంబీపీఎస్‌తో తీసే 4కె కెమెరా గంటకు 45 జీబీ మింగుతది. మూడు కెమెరాలు, ఒక డ్రోన్, తెల్లారిందాకా బరాత్, ఒక్క పెళ్లికే టీబీ దగ్గరికి వస్తది. ఎడిట్ చేసిచ్చిన సినిమా మాత్రం అందులో చిన్న ముక్క. మా ల్యాబ్‌లో పద్ధతి: ఆల్బమ్, పెన్‌డ్రైవ్ పార్టీ చేతికిచ్చి సంతకం తీసుకున్న ఆరు నెలలకు రా ఫుటేజీ తీసేస్తం, ఫైనల్ మాత్రం ఉంచుతం. ఈ మాట అడ్వాన్సు రసీదు మీదనే అచ్చేసి ఉంటది. లేకుంటే రెండేళ్లకు పెళ్లికూతురు మేనమామ వచ్చి "ఒడిబియ్యం పోసేటప్పుడు నేనున్న బిట్టు మొత్తం కావాలె" అంటడు. అన్నరు కూడా.

జెడ్‌ఎఫ్‌ఎస్‌లో ఒక్కో పెళ్లి రా ఫుటేజీకి ఒక్కో డేటాసెట్ (పూల్‌లో విడి అర లాంటిది) పెట్టండి. గడువు కాగానే ఆ ఒక్కటి డిస్ట్రాయ్ చేస్తే పని అయిపోయె. వీడియోలకు రికార్డ్‌సైజ్ (ఫైల్‌ను ముక్కలు చేసే కొలత) 1 ఎంబీ పెట్టుకోండి, ఒకేలాంటి డేటాను ఒక్కసారే దాచే డీడూప్ జోలికి పోకండి. టీబీకి ఒక జీబీ ర్యామ్ ఉండాల్సిందే అని భయపెడతరు గానీ, డీడూప్ లేకుంటే మీ పనికి 16 జీబీతో నడుస్తది, 32 ఉంటే హాయి.

రెయిడ్ 5 వద్దు. 12 టీబీ డిస్కు పోతే కొత్తది నిండడానికి, సెకనుకు 200 ఎంబీ చొప్పున ఆగకుండా రాసినా, దాదాపు 17 గంటలు. ఎడిటర్లు పనిచేస్తుంటే ఇంకా ఎక్కువ. ఒకే షాపులో ఒకే రోజు కొన్న డిస్కులు ఒకేసారి ముసలివైతయి. ఆ గంటల్లో రెండోది పోయిందా, రెయిడ్ 5లో అంతా పాయె.

ఈఎక్స్‌టీ4 మంచిదే, కానీ ఒక ముచ్చట చెప్తా. ఓ పెళ్లిళ్ల సీజన్‌లో ఎడిటర్ ఫోన్ చేసి "అన్నా, డిస్కు నిండింది అంటుంది" అన్నడు. ఖాళీ జాగా చూపే డీఎఫ్ కమాండ్ కొడితే సగానికి పైగా ఖాళీ. అదే కమాండ్‌కు ఐ తగిలించి ఐనోడ్లు (ఒక్కో ఫైల్‌కు ఒకటి పట్టే నమోదు గడి) చూస్తే నూటికి నూరు నిండినయి. అంతకుముందు చూసిన మనిషి వీడియోల కోసమని లార్జ్‌ఫైల్4 ఆప్షన్‌తో ఫార్మాట్ చేసిండు. అందులో 4 ఎంబీకి ఒక ఐనోడే వస్తది, 8 టీబీ డిస్కు మీద దాదాపు 19 లక్షలు. తర్వాత ఫొటో సెలెక్షన్ కోసం థంబ్‌నెయిళ్లన్నీ (చిన్న బొమ్మల ఫైళ్లు) అక్కడికే వదిలిండ్రు, ఐనోడ్లు అయిపోయినయి. ఉన్న డిస్కు మీద ఐనోడ్లు మళ్లా పెంచలేం, మొత్తం బయటికి కాపీ చేసి కొత్తగా ఫార్మాట్ చేయాల్సిందే. ఎక్స్‌ఎఫ్‌ఎస్, జెడ్‌ఎఫ్‌ఎస్ ఐనోడ్లను అవసరం కొద్దీ పుట్టించుకుంటయి.

ఎక్స్‌ఎఫ్‌ఎస్ పెద్ద ఫైళ్లకు గట్టిది, 2014లో వచ్చిన రెడ్‌హ్యాట్ 7 నుంచి అక్కడ డిఫాల్ట్ అదే. దాని సైజు పెంచొచ్చు, తగ్గించలేం. నేను దాన్ని పక్కన పెట్టింది ఒక్క కారణానికి: ఫైల్‌లోని డేటాకు చెక్‌సమ్ (డేటా మారిందా అని పట్టిచ్చే సరిచూపు అంకె) ఉండదు. డిస్కు నిశ్శబ్దంగా ఒక బిట్టు తప్పు చదివినా తెల్వదు. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో నెలకోసారి డేటా అంతా చదివి సరిచూసే స్క్రబ్ నడిపితే అది పట్టుకుని పారిటీ నుంచి సరిచేస్తది. ఇంకోటి, రెయిడ్‌జెడ్‌కు ఒక్కో డిస్కు కలుపుకుంటూ పోయే సౌకర్యం 2.3 వెర్షన్‌లో, 2025లో వచ్చింది. 24.04తో వచ్చేది 2.2. అందుకని ఎనిమిదీ మొదటి రోజే పెట్టేయండి.

మన దిక్కు ఎండ సంగతి మీకు చెప్పాలా. మే నెలలో ఏసీ లేని గదిలో సర్వర్ పెడితే స్మార్ట్‌సీటీఎల్ కమాండ్ చూపించే డిస్కు వేడి 50 డిగ్రీలు దాటుతది. చాలా డిస్కులకు కంపెనీ హద్దు 60. యూపీఎస్ కొని వదిలేయకండి, దాని యూఎస్‌బీ వైరు సర్వర్‌కు పెట్టి యూపీఎస్‌ను గమనించే నట్ అనే సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయండి, బ్యాటరీ అయిపోయేలోపు అదే షట్‌డౌన్ చేస్తది.

బ్యాకప్ రెయిడ్‌తో తీరదు. ఎవరో పొరపాటున డిలీట్ కొడితే ఎనిమిది డిస్కుల్లోనూ పోతది. రోజూ స్నాప్‌షాట్ (ఆ క్షణంలో డేటా ఎట్లుందో అట్ల గుర్తుంచుకునేది) తీయండి, ఫైనల్ సినిమాలను ఇంకో పాత మిషన్‌లోకి జెడ్‌ఎఫ్‌ఎస్ సెండ్ కమాండ్‌తో పంపండి. క్లౌడ్ అంటరా, 100 ఎంబీపీఎస్ అప్‌లోడ్ నిండుగా వచ్చినా ఒక టీబీకి 22 గంటలు. నేనైతే డిస్కు సంచిలో పెట్టుకుని హైదరాబాద్ బస్సెక్కుతా, మా బావ ఇంట్లో బీరువాలో ఉంటది.

పూల్ చేసేటప్పుడు మారిపోయే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు కాకుండా సీరియల్ నంబరుతో ఉండే బై-ఐడీ పేర్లే వాడండి, ప్రతి ట్రే ముందు సీరియల్ నంబరు చిట్టీ అంటించండి. డిస్కులు తగిలించే రెయిడ్ కార్డు ఉంటే దాని మోడల్ ఇక్కడ పెట్టండి, అది ఐటీ మోడ్‌లోకి (డిస్కులను నేరుగా సర్వర్‌కు అందించే పద్ధతిలోకి) మారుతదో లేదో చూసి చెప్తా. మారకుంటే జెడ్‌ఎఫ్‌ఎస్‌కు ఆ కార్డు పనికిరాదు.