న్యూస్ ఛానెల్ స్టాఫ్‌కి సేఫ్టీ ట్రైనింగ్: ముందు అసైన్‌మెంట్ డెస్క్‌ని కూర్చోబెట్టండి

మీ ప్రశ్న ఇదీ: హైదరాబాద్‌లో 24 గంటల వార్తా ఛానెల్, ఆఫీసులో 160 మంది, జిల్లాల్లో స్ట్రింగర్లు (జీతం మీద కాకుండా వార్తలు పంపేవాళ్లు), మూడు డీఎస్ఎన్‌జీ వ్యాన్లు (డిష్‌తో శాటిలైట్‌కి లైవ్ పంపే బండ్లు). "ఒక ఆదివారం అందర్నీ హాల్లో కూర్చోబెట్టి సేఫ్టీ ట్రైనింగ్ కానిచ్చేయండి" అని మేనేజ్‌మెంట్ చెప్పింది. ఎవర్ని పిలవాలి, ఏం చెప్పించాలి అని హెచ్ఆర్ వైపు నుంచి అడిగారు.

ఆ ఆదివారం ప్లాన్ మానేయండి. వార్తల ఛానెల్‌లో అందరూ ఒకేసారి ఖాళీగా ఉండే రోజంటూ ఉండదు. హాల్లో కూర్చునేది అకౌంట్స్, మార్కెటింగ్, ఇంటర్న్‌లు. ప్రమాదం దగ్గరగా ఉండే కెమెరామెన్, వ్యాన్ డ్రైవర్లు, లైట్‌బాయ్‌లు ఆ రోజు కూడా ఫీల్డ్‌లోనే ఉంటారు. పనిని బట్టి బ్యాచ్‌లు చేయండి. బ్యాచ్‌కి పది పన్నెండు మంది, గంటన్నర, వాళ్లు రోజూ వాడే సామాను ముందు పెట్టుకుని. రెండో షిఫ్ట్ మొదలయ్యే ముందు, అంటే 12.30 నుంచి 2 వరకు, మంచి టైమ్. షిఫ్ట్ అయిపోయాక పెడితే కళ్లు మూతలు పడతాయి, ఏదీ బుర్రకెక్కదు. ఆ గంటన్నరను డ్యూటీ కింద రాయండి, లేకపోతే రెండో బ్యాచ్‌కి ఎవరూ రారు. ఎండల క్లాసు ఫిబ్రవరి చివర్లో, తుపాను, వరదల క్లాసు వానలు మొదలయ్యే ముందే మే నెలలో పూర్తి చేసి, అక్టోబరు తుపాన్లకు ముందు అరగంట గుర్తుచేయండి.

మొదటి బ్యాచ్ కెమెరామెన్‌ది కాకూడదు. వార్తలు తెప్పించే ఇన్‌పుట్ ఎడిటర్, టీముల్ని ఎక్కడికి పంపాలో చూసే అసైన్‌మెంట్ డెస్క్, బ్యూరో చీఫ్‌లు, బులెటిన్లు నడిపే అవుట్‌పుట్ షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌లు ముందు కూర్చోవాలి. ఎందుకంటే ఫీల్డ్‌లో ఉన్నవాడిని ప్రమాదంలోకి తోసేది చాలాసార్లు టాక్‌బ్యాక్‌లో, అంటే ఆఫీసు నుంచి చెవిలోకి వచ్చే లైన్‌లో వినపడే మాటే: "విజువల్ రావట్లేదు, ఇంకొంచెం ముందుకెళ్లు", "పక్క ఛానెల్ వాడు నీళ్లలో దిగి పీటీసీ ఇస్తున్నాడు" (పీటీసీ అంటే రిపోర్టర్ కెమెరా వైపు చూస్తూ వార్త చెప్పడం). కెమెరామన్‌కి ఎన్ని జాగ్రత్తలు నేర్పినా, ఆ గొంతు ముందు అవి నిలవవు. ఈ బ్యాచ్‌కి మూడు విషయాలు చాలు. ఒకటి, టీమ్‌ని పంపేముందు అర పేజీ షీట్: ఎక్కడికి, ఎవరెవరు, డ్రైవర్ ఎన్నింటికి డ్యూటీ ఎక్కాడు, వాతావరణం, దగ్గర్లో 24 గంటలూ ఉండే ఆసుపత్రి, బయటపడే దారి, ఎన్నింటికోసారి ఫోన్ చేయాలి. రెండు, "వద్దు" అనే హక్కు: స్పాట్‌లో ఉన్న కెమెరామన్‌గానీ డ్రైవర్‌గానీ వద్దంటే అప్పటికప్పుడు కారణం అడగకూడదు, వాదన ఆఫీసుకొచ్చాక. దాన్ని వార్త 'మిస్' చేసినట్టు లెక్కేయకూడదు. దీనిమీద సీఈఓ సంతకంతో సర్క్యులర్ తెప్పించండి, నోటిమాట పనికిరాదు. మూడు, చెప్పిన టైమ్‌కి ఫోన్ రాకపోతే డెస్క్ ఎవరెవరికి, ఏ వరుసలో ఫోన్ చేయాలో ముందే రాసి పెట్టుకోవడం.

మేనేజ్‌మెంట్ బడ్జెట్ దగ్గర గీచి గీచి మాట్లాడితే ఒక్క మాట చెప్పండి. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 కిందటి 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో వర్కింగ్ జర్నలిస్ట్ నిర్వచనంలో ఎలక్ట్రానిక్, డిజిటల్ మీడియా కూడా ఉన్నాయి. పనిచోట ప్రమాదాలు లేకుండా చూడటం యజమాని బాధ్యత అని అదే కోడ్ చెబుతోంది. అందుకే ప్రతి బ్యాచ్‌కీ సంతకాల రిజిస్టర్, చెప్పిన అంశాల జాబితా దాచిపెట్టండి.

ట్రైనర్‌ని పిలిచే ముందు మీ బిల్డింగ్ ఎలక్ట్రీషియన్‌ని, సీనియర్ లైట్‌మన్‌ని వెంటబెట్టుకుని ఒక పూట స్టూడియో అంతా తిరగండి. తలెత్తి గ్రిడ్, అంటే లైట్లు వేలాడే పైపుల చట్రం చూడండి. ప్రతి లైట్‌కీ క్లాంప్ కాక విడిగా సేఫ్టీ చైన్ ఉండాలి, అది పైపు చుట్టూ తిరిగి ఉండాలి. చాలాచోట్ల చైన్ ఉంటుంది, కానీ లైట్ బ్రాకెట్‌కే చుట్టి ఉంటుంది, అంటే లేనట్టే. ఎమర్జెన్సీ డోర్ వెనక పాత సెట్ ముక్కలు పేర్చి ఉంటాయి, ఫోటో తీసి అదే రోజు తీయించండి. గోడలకు అంటించిన స్పాంజి నిప్పుకు తట్టుకునే రకమో కాదో బిల్లులో చూడండి. మామూలు పాలీయురేథేన్ ఫోమ్ అయితే మంట కన్నా ముందు దాని పొగే మనిషిని పడేస్తుంది.

జిమ్మీ జిబ్ (పొడవాటి చేయి చివర కెమెరా బిగించి పైకీ కిందికీ తిప్పే క్రేన్) ఉంటే దానికో ప్రత్యేక క్లాసు పెట్టాలి. ముందు చివర కెమెరా బరువు ఎనిమిది కిలోలైనా, వెనక చేయి పొట్టిది కాబట్టి దానికి సరితూగడానికి అంతకు మూడు నాలుగు రెట్లు బరువు వేస్తాం. షూట్ అయ్యాక తొందరలో ఎవరైనా ముందు కెమెరా ఊడదీస్తే వెనక బరువంతా ఒక్కసారి కిందికి దిగి, ముందు చేయి పైకి లేచి దొరికినవాడి దవడ మీద కొడుతుంది. బిగించేటప్పుడు కెమెరా ముందు, బరువులు తర్వాత. విప్పేటప్పుడు బరువులు ముందు, కెమెరా ఆఖరున. ఒకరు చేయి పట్టుకుని ఉండగా ఇంకొకరు తీయాలి. ఈ వరుసను జిబ్ స్టాండుకే కాగితం మీద రాసి అంటించండి, క్లాసులో ఒక్కొక్కరితో చేయించండి.

కరెంటు విషయం. స్టూడియోలో ఎల్ఈడీ వచ్చాక కొంత తగ్గింది గానీ, బయట ఇంటర్వ్యూలకు ఇంకా 2 కిలోవాట్ల హాలోజెన్ తీసుకెళ్తుంటారు. అది దాదాపు 9 ఆంప్స్ లాగుతుంది. దాన్ని ఫంక్షన్ హాల్లో 6 ఆంప్స్ సాకెట్‌లో పెడితే సాకెట్ కరిగి మాడు వాసన రావడం ఖాయం, 16 ఆంప్స్ పాయింటే కావాలి. ఎక్స్‌టెన్షన్ కేబుల్ డ్రమ్ముని పూర్తిగా విప్పకుండా వాడకూడదు. చుట్టి ఉన్న కేబుల్‌లో వేడి బయటికి పోక లోపలి పొరలు కరుగుతాయి. డ్రమ్ము చేత్తో ముట్టుకుంటే పైపొర చల్లగానే ఉంటుంది, అందుకే ఎవరూ కనిపెట్టరు.

ఎంసీఆర్ (ఛానెల్ ప్రసారాన్ని నడిపే మాస్టర్ కంట్రోల్ రూమ్), సర్వర్ రూమ్ వాళ్లకి రెండు విషయాలు చెప్పాలి. ప్యానెళ్ల దగ్గర కార్బన్ డయాక్సైడ్ సిలిండరే వాడాలి. ఏబీసీ పౌడర్ కొడితే మంట ఆరినా ఆ పొడి సర్వర్లలోకి దూరి మిగిలినవి కూడా పోతాయి. గదిలో ఆటోమేటిక్ గ్యాస్ సిస్టమ్ ఉంటే అది ఏ గ్యాసో బోర్డు మీద రాయించండి. కార్బన్ డయాక్సైడ్ గదినిండా వదిలే రకమైతే, మంట ఆరేలోపే లోపలున్న మనిషి స్పృహ తప్పుతాడు. అలారం మోగగానే ఏదీ సేవ్ చేసుకోకుండా బయటికి రావాలి. ఇక్కడే అసలు చిక్కు: "లైవ్ ఆన్‌లో ఉంది" అని ఎవరూ లేవరు. గంట నిడివి ప్లేలిస్టు ఎప్పుడూ స్టాండ్‌బైలో పెట్టి, ఒక్క బటన్‌తో దానికి మార్చి లేచి వచ్చేయడం డ్రిల్‌లో భాగం చేయండి. మొదటి డ్రిల్ తెల్లవారుజామున రిపీట్ ప్రోగ్రాం నడిచేటప్పుడు పెడితే అవుట్‌పుట్ వాళ్లు గొడవ చేయరు. రెండోది మాత్రం లైవ్ బులెటిన్ మధ్యలోనే పెట్టాలి.

ఇక వ్యాన్లు. ఈ క్లాసు వ్యాన్ దగ్గరే నిలబడి జరగాలి. మొదటిది, తలపైన వైర్లు. మాస్ట్ (వ్యాన్ పైన లేచే నిలువు స్తంభం) గానీ డిష్ గానీ లేపే ముందు డ్రైవర్, ఇంజనీర్ ఇద్దరూ దిగి పైకి చూడాలి, రాత్రయితే టార్చ్ వేసి చూడాలి. 11 కేవీ లైన్ ఉంటే వ్యాన్‌ని కనీసం 10 మీటర్లు పక్కకు తీయాలి. "సిగ్నల్ ఇక్కడే బాగుంది" అనే మాట చెల్లదు. ఒకవేళ తగిలితే లోపలున్నవాళ్లు లోపలే ఉండాలి, బయటివాళ్లెవరూ వ్యాన్‌ని ముట్టుకోకూడదు, కరెంటు వాళ్ల నంబరు 1912కి ఫోన్ చేసి లైన్ ఆపించాలి. వ్యాన్‌కి నిప్పంటుకుని దిగక తప్పకపోతే, వ్యాన్‌నీ నేలనీ ఒకేసారి తాకకుండా రెండు కాళ్లూ జతగా దూకి, పాదాలు ఎత్తకుండా చిన్నగా జరుపుకుంటూ దూరం పోవాలి. అంగలు వేస్తే రెండు పాదాల మధ్య వోల్టేజి తేడాకి షాక్ కొడుతుంది. దీన్ని మాటల్లో చెబితే గుర్తుండదు, నేలమీద దూకించి చూపించండి.

రెండోది, డిష్ నుంచి వెళ్లే రేడియో తరంగాలు. 1.2 మీటర్ల డిష్ వైశాల్యం 1.13 చదరపు మీటర్లు. 100 వాట్లు పంపితే దాని ముందు సగటున చదరపు మీటరుకు 88 వాట్లు. ఆ పని చేసేవాళ్లకు అంతర్జాతీయ పరిమితి 50, మామూలు జనానికి 10. హైదరాబాద్ నుంచి 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీదున్న శాటిలైట్‌కి డిష్ దాదాపు 69 డిగ్రీల కోణంలో పైకి చూస్తుంది కాబట్టి రోడ్డు మీద నడిచేవాళ్లకు భయం లేదు. ప్రమాదమంతా వ్యాన్ పైకప్పు మీద, ఫీడ్‌హార్న్‌కీ (డిష్ మీదికి తరంగాలు వదిలే గొట్టం) డిష్‌కీ మధ్య చేయి పెట్టేవాడికి. ఆకు అడ్డం వచ్చిందనో వాన నీళ్లు తుడుద్దామనో పైకి ఎక్కితే, ట్రాన్స్‌మిట్ ఆపి, స్విచ్‌కి 'పైన మనిషి ఉన్నాడు' ట్యాగ్ కట్టాకే ఎక్కాలి. పైకప్పు నుంచి జారి పడటం కూడా ఇక్కడే జరుగుతుంది, అందుకే వాన తడి ఆరకముందు ఎక్కనివ్వకండి.

మూడోది జనరేటర్. రాత్రి లైవ్ కోసం ఆగినచోట ఏసీ వేసుకుని, జనరేటర్ ఆన్‌లో పెట్టి లోపల పడుకోవడం చాలా టీముల అలవాటు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, వికారం, మత్తు వస్తే అలసట అనుకుని ఇంకా గాఢంగా పడుకుంటారు. ప్రతి వ్యాన్‌లో బ్యాటరీతో నడిచే సీఓ (కార్బన్ మోనాక్సైడ్) అలారం పెట్టించండి, బడ్జెట్‌లో అన్నిటికన్నా ముందు కొనాల్సింది అదే. ఇంకొకటి: జనరేటర్ న్యూట్రల్‌ని ఫ్రేమ్‌కి బాండ్ చేయకపోతే (వైరుతో కలపకపోతే), కరెంటు లీకైతే సరఫరా ఆపే 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ స్విచ్ టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడిపోతుంది, కానీ నిజంగా బాడీకి కరెంటు వచ్చినప్పుడు పడకపోవచ్చు. టెస్ట్ బటన్ చూసి మోసపోవద్దు, ఎలక్ట్రీషియన్‌తో టెస్టర్ పెట్టించి చూపించండి.

ఫీల్డ్ క్లాసులో మన దగ్గర జరిగినవే చెప్పండి, విదేశీ యుద్ధాల వీడియోలు అక్కర్లేదు. 2020 మే 7న విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి లీకైంది స్టైరీన్. దాని ఆవిరి గాలి కన్నా బరువు, పల్లంలోకి పారుతుంది. గ్యాస్ లీక్ కవరేజీకి వెళ్లేవాళ్లు గాలి వచ్చే వైపు నుంచి, అంటే గాలి మన వీపుకి తగిలి లీక్ వైపు పోయేలా, మెరక మీదే ఉండాలి. గుడ్డ మాస్క్, ఎన్95 గ్యాస్‌ని ఆపవు. 2015 జులై 14న రాజమండ్రి పుష్కర ఘాట్ తొక్కిసలాట చూపించి, జనం చదరపు మీటరుకు ఐదుగురు దాటితే కాళ్లు మన మాట వినవని చెప్పండి. కెమెరా ఎప్పుడూ అంచున, ఎత్తున, వెనక దారి తెరిచి ఉన్నచోట. లోపల ఇరుక్కుంటే చేతులు రొమ్ముకు అడ్డం పెట్టుకుని, తోపుతోపాటు పోతూ ఏటవాలుగా అంచుకి జరగాలి, కిందపడిన మైక్ లోగో కోసం వంగకూడదు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరదల్లాంటి చోట్ల గుర్తుంచుకోవాల్సిన లెక్కలు రెండే: పాదం మునిగే 15 సెంటీమీటర్ల వేగమైన ప్రవాహం మనిషిని పడేస్తుంది, 30 సెంటీమీటర్లు చిన్న కారుని లేపుతుంది. పీటీసీ నీళ్లలో నిలబడి ఇవ్వడం అసైన్‌మెంట్ డెస్కే నిషేధించాలి. మునిగిన వీధిలో మ్యాన్‌హోల్ కనపడదు, కరెంటు స్తంభం స్టే వైరు కనపడదు. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ బకిల్స్ అన్నీ బిగించాలి, లైవ్ పంపే యంత్రం ఉన్న బ్యాక్‌ప్యాక్ మాత్రం భుజాల నుంచి తీసి కింద పెట్టాలి, పడవ తిరగబడితే అదే లోపలికి లాగుతుంది. ఉరుములప్పుడు పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ చూసుకుని మాస్ట్ దించేయాలి. మే ఎండలో లైవ్ ఇచ్చే రిపోర్టర్‌కి నల్ల కోటు వద్దని స్టైలింగ్ వాళ్లకూ చెప్పండి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ: నీడకి చేర్చి, బట్టలు తడిపి గాలి విసురుతూ, చంకల్లో గజ్జల్లో ఐసు పెట్టి 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేనివాడి నోట్లో మజ్జిగ పోయకూడదు.

ఇన్నిటికన్నా నన్ను భయపెట్టేది రోడ్డు. తెల్లవారుజామున నాలుగుకి డ్యూటీ ఎక్కిన డ్రైవర్ రాత్రి పదికి వరంగల్ నుంచి తిరిగి రావడం ఏ క్లాసూ ఆపలేదు, రోస్టర్ మాత్రమే ఆపుతుంది. 12 గంటలు దాటిన డ్రైవర్‌కి అక్కడే లాడ్జి అని రాతపూర్వకంగా పెట్టండి. వెనక సీటు బెల్టు కూడా కచ్చితం. ట్రైపాడ్‌ని వెనక సీటు మీద ఊరికే పడేయకుండా కట్టేయాలి, సడన్ బ్రేక్ పడితే అది ముందువాడి మెడ మీదికి వస్తుంది.

యాంకర్ల చెవుల సంగతి ఎవరూ పట్టించుకోరు. పీసీఆర్‌లో (బులెటిన్ నడిపే కంట్రోల్ రూమ్‌లో) అరిచేకొద్దీ వాళ్లు ఇయర్‌పీస్ వాల్యూమ్ పెంచుకుంటూ పోతారు. లైన్‌లో శబ్దం హద్దు దాటనివ్వని లిమిటర్ పెట్టించి, నెలకోసారి ఇయర్‌పీస్‌ని రెండో చెవికి మార్చుకోమనండి.

ట్రైనర్ల విషయానికొస్తే, నిప్పుకి మీ ఏరియా ఫైర్ స్టేషన్‌కి లెటర్ పెట్టండి, వచ్చి నిజం మంట మీద సిలిండర్ కొట్టిస్తారు. ప్రథమ చికిత్సకి రెడ్‌క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్. షిఫ్ట్‌కి ఇద్దరు చొప్పున సీపీఆర్ బొమ్మ మీద చేసి చూపించగలిగేవాళ్లు ఉండాలి: నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, లోతు 5 నుంచి 6 సెంటీమీటర్లు. వరద క్లాసుకి ఏపీ వాళ్లు విజయవాడ దగ్గరున్న ఎన్‌డీఆర్‌ఎఫ్ 10వ బెటాలియన్‌ని అడగొచ్చు. వ్యాన్, ఆర్ఎఫ్ (రేడియో తరంగాల) క్లాసు మీ అప్‌లింక్ ఇంజనీరే చెప్పాలి. బయటి కార్పొరేట్ ట్రైనర్ అయితే, ముందు మీ స్టూడియో చూసి వెళ్లమనండి. ఫ్యాక్టరీ హెల్మెట్ల స్లైడ్లతో వచ్చేవాడికి అడ్వాన్సు ఇవ్వకండి.

ఆఖరుగా స్ట్రింగర్లు. జీతం పట్టికలో పేరు లేదు కాబట్టి ట్రైనింగ్ లిస్టులోనూ ఉండదు, కానీ ప్రమాదం దగ్గరికి ముందు చేరేది వాళ్లే. జిల్లా కేంద్రంలో బ్యూరో ఆఫీసులో ఒక పూట పెట్టి, దారి ఖర్చు, ఆ రోజు కూలి ఇవ్వండి. గ్రూపు యాక్సిడెంట్ పాలసీలో చేర్చడానికి మేనేజ్‌మెంట్ ఒప్పుకోకపోతే, కనీసం ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా ఫారం అక్కడే నింపించండి, 18 నుంచి 70 ఏళ్ల మధ్య ఉండి బ్యాంకు ఖాతా ఉంటే చాలు. నామినీ పేరు రాశారో లేదో మీరే చూడండి, చాలామంది ఆ గడి ఖాళీగా వదిలేస్తారు.