పెన్షన్ పడుతోంది కదా, సైనిక సంక్షేమ ఆఫీసుతో పనేంటి? – మా అమ్మ పేరు తెచ్చిన తంటా

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. నాన్నగారికి 74 ఏళ్లు, ఆర్మీలో 17 ఏళ్లు చేసి నాయక్‌గా వచ్చేశారు. పెన్షన్ నెలనెలా బ్యాంకులో పడుతోంది. అమ్మగారి పేరు మాత్రం ఆర్మీ కాగితాల్లో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లమని ఎవరో చెప్తే నాన్నగారు "పెన్షన్ పడుతోంది కదా, ఆ ఆఫీసుతో మనకేం పని" అంటున్నారు. ఈలోగా ఒక ఏజెంట్ 15 వేలిస్తే మొత్తం తనే చూసుకుంటానంటున్నాడు.

మా నాన్న కూడా అచ్చం అదే మాట అనేవాడు. ఆ మాట పట్టుకుని కూర్చున్నందుకు ఆయన పోయాక మా అమ్మ ఏడు నెలలు పైసా పెన్షన్ లేకుండా ఉంది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఏమనుకోకండి.

మాది గిద్దలూరు వైపు పల్లె. మా దగ్గర వీధికి రెండు మూడు మిలిటరీ ఇళ్లు ఉంటాయి. నాన్న ఈఎంఈలో (ఆర్మీ బళ్లూ యంత్రాలూ బాగుచేసే విభాగం) వెహికల్ మెకానిక్, హవల్దార్‌గా 1996లో రిటైరయ్యాడు. 2023 ఎండాకాలంలో గుండెపోటుతో పోయాడు.

అమ్మ పేరు సుబ్బమ్మ. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు, అన్నిట్లోనూ అదే. పెళ్లయ్యాక సెలవు అయిపోయి యూనిట్‌కి వెళ్లిన నాన్న, భార్య పేరు రాయించడానికి ఆఫీసులో క్లర్కు దగ్గరికి వెళ్లాడట. ఆ క్లర్కుది ఎక్కడో ఉత్తరాది. 'సుబ్బమ్మ' అతని నోటికి తిరగలేదు. 'శుభ లక్ష్మి' అని రాసుకుని, వాళ్ల అలవాటు కొద్దీ చివర 'దేవి' తగిలించాడు. నాన్న ఈ కథ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ నవ్వుతూ చెప్పేవాడు, "మిలిటరీ మీ వదినకి ప్రమోషన్ ఇచ్చింది, దేవిని చేసింది" అని. ఆ పేరే డిశ్చార్జ్ బుక్‌లోకి (రిటైరైనప్పుడు ఇచ్చే సర్వీసు వివరాల పుస్తకం) ఎక్కింది, అక్కణ్ణుంచి పీపీఓలోకి, అంటే పెన్షన్ మంజూరు పత్రంలోకి ఎక్కింది. నలభై ఏళ్లు అది మాకు జోకు మాత్రమే.

ఆయన పోయాక మేం చేసిన మొదటి తప్పు, ఆ సంగతి వెంటనే తెలియజేయకపోవడం. రెండు నెలలు ఆయన పెన్షన్ అకౌంట్‌లో పడుతూనే ఉంది. అది తీసి కర్మ ఖర్చులకు వాడేశాం. మా డబ్బే అనుకున్నాం. తర్వాత అమ్మకు బకాయిలు వచ్చినప్పుడు ఆ రెండు నెలల్లో ఎక్కువ పడ్డ సొమ్ము కోసుకున్నారు. మీకు అలాంటి రోజు ఎప్పుడొచ్చినా ఆ డబ్బు ముట్టుకోకండి.

రెండోది, నెట్ సెంటర్‌కి వెళ్లి స్పర్శ్‌లో మరణం నమోదు చేయించాం. (ఇప్పుడు డిఫెన్స్ పెన్షన్లు దాదాపు అన్నీ ఈ స్పర్శ్ పోర్టల్ మీదే నడుస్తున్నాయి, మీ నాన్నగారిదీ మారే ఉంటుంది.) కుటుంబ పెన్షన్‌కి అప్లికేషన్ పెడితే, భార్య పేరు సరిపోలేదని తిప్పి పంపారు. బ్యాంకులో అడిగితే "మా చేతుల్లో ఏం లేదు, మీ రికార్డ్ ఆఫీసుకు రాయండి" అన్నారు. రాశాను. ఆధార్ జిరాక్స్, డెత్ సర్టిఫికెట్ పెట్టి నాన్న సర్వీసు వివరాలుండే ఆఫీసు, సికింద్రాబాద్‌లోని ఈఎంఈ రికార్డ్స్‌కి నా సొంత తెలివితో స్పీడ్ పోస్టులో పంపాను. రెండు నెలలు జవాబు లేదు. ఇప్పుడు ఆలోచిస్తే వాళ్లను అనడానికీ లేదు. నేను ఎవరో, ఆ ఆధార్‌లో ఉన్న సుబ్బమ్మ ఎవరో వాళ్లకెలా తెలుస్తుంది?

అప్పుడు వెళ్లాం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి. మా ఊరి పెద్దవాళ్లు ఇప్పటికీ సోల్జర్స్ బోర్డు అంటారు. మీరు తెలంగాణలో ఉంటే బోర్డు మీద 'ప్రాంతీయ సైనిక సంక్షేమ కార్యాలయం' అని ఉంటుంది, పని అదే.

లోపల ఒక పెద్ద టేబుల్, దాని వెనక రిటైర్డ్ సుబేదార్ ఒకాయన. వెల్ఫేర్ ఆర్గనైజర్ అంటారు. నేను మొదలుపెట్టి "సార్, మా నాన్నగారు..." అంటుంటే చెయ్యి ఎత్తి ఆపి, అమ్మ వైపు తిరిగి "పేర్లు తర్వాతమ్మా, ముందు నంబర్ చెప్పు" అన్నాడు. నేను ఫైల్ వెతుకుతున్నా. అమ్మ నాన్న ఆర్మీ నంబర్ ఎనిమిది అంకెలూ ఆగకుండా చెప్పేసింది. నాకు మతిపోయింది, ఎందుకంటే అమ్మకి నా ఫోన్ నంబర్ కూడా నోటికి రాదు. ఇరవై ఏళ్లు ఇన్‌లాండ్ లెటర్ మీద ఆ నంబర్, కింద '56 ఏపీఓ' అని ఆర్మీ పోస్టాఫీసు అడ్రసు పోస్ట్‌మాస్టర్‌తో రాయించుకున్న మనిషి. ఎక్కడ మరిచిపోతుంది?

ఆయన డిశ్చార్జ్ బుక్ తీసుకుని పేజీ పేజీ చదివాడు. నిజంగా చదివాడు. అప్పటిదాకా ఆ పుస్తకం తెరిచి చూసినవాళ్లు మాకు ఒక్కరూ తగల్లేదు, అందరూ జిరాక్స్ అడిగినవాళ్లే. కుటుంబ వివరాల పేజీ దగ్గర ఆగి, "శుభ లక్ష్మీ దేవి... ఇది మా వాళ్ల పనే" అని నవ్వాడు. తర్వాత ఒక తెల్లకాగితం తీసుకుని ఏమేం తేవాలో వరసగా రాసిచ్చాడు. రెండు పేర్లూ ఒకే మనిషివని అమ్మ పేరున అఫిడవిట్, తహసీల్దార్ దగ్గర నుంచి ఇద్దరూ ఒకరే అని సర్టిఫికెట్, రెండు పేపర్లలో ప్రకటన, అమ్మానాన్నలు కలిసి ఉన్న పాత ఫోటో, పీపీఓ, బ్యాంకు పాస్‌బుక్. అన్నీ చేతికొచ్చేసరికి మూడు వారాలు పట్టింది. తహసీల్దార్ సర్టిఫికెట్ కోసమే నాలుగుసార్లు తిరిగాం, అది వేరే కథ.

మళ్లీ వెళ్లినప్పుడు రికార్డ్స్‌కి ఉత్తరం ఆయనే టైప్ చేశాడు. అమ్మ వేలిముద్ర పక్కన జిల్లా సైనిక సంక్షేమ అధికారి సంతకం పెట్టి గుండ్రటి సీలు వేశారు. నేను పంపిన కాగితాలకూ వీళ్లు పంపిన కాగితాలకూ అసలు తేడా ఆ సీలే అని నా అభిప్రాయం. నెలరోజుల్లో రికార్డ్స్ నుంచి ఇంకో కాగితం కావాలని ఉత్తరం వచ్చింది. అదీ పంపాక పీపీఓ సవరణ వచ్చింది, ఆ తర్వాత పెన్షన్ మొదలైంది.

ఇక్కడ ఒక విషయం అర్థం చేసుకుంటే మీకు ఆ ఆఫీసు మీద అనవసరమైన ఆశా ఉండదు, కోపమూ రాదు. వాళ్లు పెన్షన్ మంజూరు చెయ్యరు. పెన్షన్ లెక్క ప్రయాగ్‌రాజ్‌లోని పీసీడీఏ (రక్షణ శాఖ పెన్షన్ల ఖాతాల ఆఫీసు) చూస్తుంది, సర్వీసు వివరాలు ఆయా రెజిమెంట్ లేదా కోర్ రికార్డ్ ఆఫీసు చూస్తుంది. ఈ జిల్లా ఆఫీసు రాష్ట్ర ప్రభుత్వానిది, అధికారిగా మామూలుగా ఒక రిటైర్డ్ ఆర్మీ, నేవీ లేదా ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్ ఉంటారు. జిల్లా సైనిక బోర్డుకి కలెక్టరే అధ్యక్షుడు. సికింద్రాబాద్‌లోనో ప్రయాగ్‌రాజ్‌లోనో ఉన్నవాళ్లకి మన మనిషి ఒక నంబరు, ఒక ఫైలు. ఆ ఫైలులో ఉన్నామె ఈమేనని దగ్గర్నుంచి చూసి చెప్పగలిగేది జిల్లాలో ఉన్న వీళ్లే. ఏ కాగితం ఎవరికి, ఏ రూపంలో పంపాలో కూడా వీళ్లకే తెలుసు.

ఆరోజు ఆ సుబేదార్ గారు ఇంకో ప్రశ్న వేశారు, మాకు తట్టనే తట్టనిది: "అమ్మ పుట్టిన తేదీ పీపీఓలో ఉందా?" లేదు. ఆ చోటు ఖాళీ. దాంతో ఏం పని అనుకున్నా. పెన్షన్ అయినా కుటుంబ పెన్షన్ అయినా 80 ఏళ్లు నిండితే 20 శాతం పెరుగుతుంది, 85కి 30, 90కి 40, 95కి 50 శాతం, నూరేళ్లకి రెట్టింపు. పుట్టిన తేదీ రికార్డులో లేకపోతే ఎనభై నిండిన సంగతి సిస్టమ్‌కి తెలియదు, పెంపు రాదు. పేరుతోపాటే అదీ ఎక్కించాం. మీ అమ్మగారిది కూడా చూడండి, ఇది చాలామంది వదిలేసేదే.

వాళ్ల చేతిలో లేనివీ ఉన్నాయి. ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డుని నాన్న పేరు నుంచి అమ్మ పేరుకి మార్పించడానికి అదే ఆఫీసులో అడిగితే పాలీక్లినిక్‌కి వెళ్లమన్నారు. క్యాంటీన్ కార్డుకి క్యాంటీన్ దగ్గరే అడగమన్నారు. అప్పుడు నాకు చిరాకేసింది గానీ, అవి నిజంగానే వేరే వాళ్ల పనులు. అమ్మకు మాజీ సైనికుడి భార్యగా గుర్తింపు కార్డు మాత్రం వీళ్లే ఇచ్చారు. పంచాయతీలో ఇంటి పన్ను మినహాయింపు అడిగినప్పుడు అది చూపించాం.

పెన్షన్ వచ్చేవాళ్లకంటే రానివాళ్లకే ఈ ఆఫీసు ఎక్కువ అవసరం అని నాకు అక్కడే తెలిసింది. మా వీధిలో ఒక తాత ఉన్నాడు. 1971 యుద్ధం చూశాడు. ఆ తర్వాత ఇంట్లో పరిస్థితి బాగాలేక డిశ్చార్జ్ తీసుకుని వచ్చేశాడు. జవాన్లకి పెన్షన్ రావాలంటే 15 ఏళ్ల సర్వీసు ఉండాలి, ఆయనకి ఆరేళ్లే. "నాకేం రాదు లేరా" అని ఎప్పుడూ ఎవర్నీ అడగలేదు. మా పని మీద తిరుగుతూ ఆయన సంగతి చెప్తే, పెన్షన్ లేని 65 దాటిన మాజీ సైనికులకి, హవల్దార్ స్థాయి వరకు, కేంద్రీయ సైనిక బోర్డు నుంచి పెన్యూరీ గ్రాంట్ (పేదరికంలో ఉన్నవాళ్లకిచ్చే సాయం) ఉంటుందని చెప్పారు. అప్పట్లో నెలకు 4 వేలు. వెల్ఫేర్ ఆర్గనైజర్ ఒకరోజు ఊరికొచ్చి ఇల్లు చూసి వెళ్లాడు. తాతకి గ్రాంట్ మంజూరైంది. 2025 నవంబర్ 1 నుంచి వచ్చే దరఖాస్తులకి దాన్ని నెలకు 8 వేలు చేశారు. కూతురి పెళ్లికి ఇచ్చేది కూడా అప్పుడే 50 వేల నుంచి లక్ష అయ్యింది. మీ చుట్టుపక్కల ఇలాంటివాళ్లు ఉంటే ఒక మాట చెప్పండి, పుణ్యముంటుంది.

పిల్లల చదువులకి వచ్చేవి మీకు ఇప్పుడు అవసరం లేదనుకుంటా, అయినా బంధువుల్లో ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. మా బాబాయి కూతురు బీటెక్ చదువుతోంది, ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ కింద నెలకు 3 వేలు, అంటే ఏడాదికి 36 వేలు వస్తోంది. మగపిల్లలకి 2,500. ఇంటర్‌లో 60 శాతం మార్కులుండాలి, అప్లికేషన్ ఆన్‌లైన్‌లోనే పెట్టాలి, జిల్లా ఆఫీసు సరిచూసి పంపుతుంది.

ఇక ఏజెంట్ సంగతి. మమ్మల్నీ ఒకడు 20 వేలు అడిగాడు. మాకు మొత్తం పనికి అయినవి స్టాంపు పేపర్లు, నోటరీ, పేపర్ ప్రకటనలు, బస్సు చార్జీలు. ఆఫీసులో ఒక్క రూపాయి ఫీజు లేదు. ఏజెంట్ చేసేదేంటంటే మీ కాగితాలు పట్టుకుని అదే ఆఫీసుకు వెళ్లడం. పైగా డిశ్చార్జ్ బుక్, పీపీఓ ఒరిజినల్స్ వాడి చేతిలో ఉంటాయి, స్పర్శ్ పాస్‌వర్డ్ కూడా. ఆ టెన్షన్ మీకెందుకు?

మీ అదృష్టం, నాన్నగారు ఉన్నారు. భార్య పేరు సరిచెయ్యమని ఆయన స్వయంగా దరఖాస్తు మీద సంతకం పెడితే పని చాలా సులువు. మా అమ్మ తనెవరో నిరూపించుకోవాల్సి వచ్చింది. మీ నాన్నగారైతే "ఈమె నా భార్య" అని చెప్తే చాలావరకు సరిపోతుంది. ముందు ఫోన్ చేసి అధికారి ఆరోజు ఉంటారో లేదో కనుక్కోండి. ఒక్కోసారి ఒకే అధికారికి రెండు జిల్లాల బాధ్యత ఉంటుంది, సంతకం లేకుండా ఉత్తచేతులతో తిరిగొస్తారు. ఒరిజినల్స్‌తోపాటు మూడేసి జిరాక్సులు పట్టుకెళ్లండి. అమ్మగారినీ తీసుకెళ్లండి.

నాన్నగారు రానంటే అక్కడ టేబుల్ వెనక కూర్చునేది కూడా ఫౌజీలేనని చెప్పండి. ఏ యూనిట్, ఎక్కడ పోస్టింగ్ అని మొదలైతే మధ్యాహ్నం భోజనం దాకా మీరే ఆయన్ని బయటికి లాక్కురావాలి.

అంతకంటే ముందు డిశ్చార్జ్ బుక్ ఎక్కడుందో ఈరోజే అడగండి. మాది దొరకడానికి నాలుగు రోజులు పట్టింది. అటక మీద నల్ల ట్రంకు పెట్టెలో, అన్నిటికంటే అడుగున, ఆయన బెరెట్ టోపీలో చుట్టిపెట్టి ఉంది.