వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ నేర్చుకోవడానికి ఎన్ని రోజులు పడుతుంది, పేజీలో ఏది ఏమిటో చెప్పే ఆ ట్యాగులన్నీ బట్టీ పట్టాలా?

బట్టీ అక్కర్లేదు. వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1991లో మొదట వివరించినవే 18 ట్యాగులు. టైటిల్, హెడింగులు, పేరా, లిస్టు, లింకు అప్పుడే ఉన్నాయి. ఇవాళ్టికీ మీకు రోజూ పనికొచ్చేవి అవే. వారం రోజులు కూర్చుంటే చేతికి వచ్చేస్తాయి. ఏది ఎక్కడ పెట్టాలన్నదే అసలు చదువు.

నేను నేర్చుకునే కొత్తలో ఒక నోట్స్ పేజీ చేశాను. ప్రతి హెడింగునీ డివ్‌లో, అంటే ఏ అర్థమూ చెప్పని ఉత్త పెట్టెలాంటి ట్యాగులో పెట్టి, అక్షరాలు పెద్దవి చేసి, బోల్డ్ చేశాను. చూడ్డానికి చక్కగా ఉంది. చూపు లేని స్నేహితుడొకడు దాన్ని నా పక్కనే కూర్చుని తెరిచాడు. వాడు తెర మీది మాటల్ని చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వాడతాడు. అందులో హెచ్ కీ నొక్కితే తర్వాతి హెడింగుకి వెళ్తుంది. నొక్కాడు. "నో నెక్స్ట్ హెడింగ్" అంది. మళ్లీ నొక్కాడు, మళ్లీ అదే మాట.

"హెడింగులేమీ పెట్టలేదేంట్రా?" అన్నాడు.

నా కళ్ల ముందు తెర మీద ఏడు హెడింగులున్నాయి. వాడికి మాత్రం ఒక్కటీ లేదు. మొత్తం మొదటి నుంచి వినాల్సిందే. నాకు చాలా బాధేసింది. అప్పటికప్పుడు ఫైలు తెరిచి పేజీ పేరుకి హెచ్1, మిగతా వాటికి హెచ్2 అనే హెడింగు ట్యాగులు పెట్టాను. గీతలు పెట్టి, లైను మార్చే బీఆర్ ట్యాగుతో విడగొట్టిన వరసల్ని యూఎల్, ఎల్ఐ అనే లిస్టు ట్యాగుల్లోకి మార్చాను. రీఫ్రెష్ చేశాక వాడు హెచ్ నొక్కుతూ నాలుగో హెడింగు దగ్గర ఆగి, "ఆఁ, నాక్కావాల్సింది ఇదే" అని వినడం మొదలుపెట్టాడు.

అందుకే రంగులతో మొదలుపెట్టే వీడియో పాఠాలంటే నాకు ఒళ్లు మండుతుంది. అక్షరాల రంగు, సైజు మార్చే ఫాంట్, మధ్యకి జరిపే సెంటర్ ట్యాగులు ఇక వద్దని 1997లో హెచ్‌టీఎంఎల్ 4 వచ్చినప్పుడే చెప్పారు. ఇంకా వాటినే నేర్పేవాళ్లున్నారు! "అదసలు ప్రోగ్రామింగే కాదు, రెండు గంటల పని" అనేవాళ్ల మాటా వినకండి. ఆ తొందరలోనే పేజీ అంతా డివ్‌లతో నిండిపోతుంది.

ముందు ఏదైనా అచ్చు వ్యాసం తీసుకుని పెన్సిల్‌తో గుర్తులు పెట్టండి: ఇది పేజీ పేరు, ఇది ఉపశీర్షిక, ఇది లిస్టు అని. ఆ తర్వాతే టైప్ చేయండి. తెలుగు పేజీ అయితే మొదట వచ్చే హెచ్‌టీఎంఎల్ ట్యాగులోనే భాషని చెప్పే ల్యాంగ్‌కి టీఈ (lang="te") అని ఇవ్వండి, ఏ భాషలో చదవాలో స్క్రీన్ రీడర్‌కి తెలుస్తుంది. ఎన్‌వీడీఏ ఉచితమే, విండోస్‌లో పనిచేస్తుంది. పేజీ అయ్యాక మానిటర్ ఆపేసి, హెచ్ నొక్కుతూ చివరిదాకా వెళ్లి చూడండి.